అప్‌డేట్: ఫ్యాన్ ఒక్క క్షణం తిరిగి ఆగిపోయే పాత పీసీ. కారణం కెపాసిటర్లే

బటన్ నొక్కితే ఫ్యాన్ తిరిగి ఆగిపోవుడు, మళ్లీ దానంతటదే తిరుగుడు, డిస్‌ప్లే రాకపోవుడు అని మా కోర్ 2 డ్యుయో, జీ31 మదర్‌బోర్డు ఉన్న పీసీ గురించి అడిగిన కదా. ఇప్పుడు మంచిగ నడుస్తోంది. అందరికీ థ్యాంక్స్, ముఖ్యంగా "ప్రాసెసర్ పక్కన కెపాసిటర్ల తలలు చూడు" అన్న అన్నకు.

అదే నిజమైంది. కెపాసిటర్లంటే బోర్డు మీద వోల్టేజీని నిలకడగా ఉంచే చిన్న డబ్బాలు. సాకెట్ (ప్రాసెసర్ కూర్చునే చోటు) పక్క వరుసలో కొన్నింటి తలలు ఉబ్బినయ్, ఒకదాని తల మీది గీత దగ్గర గోధుమరంగు మరక ఎండిపోయి ఉంది. లోపలి ద్రవం ఎండితే ఈఎస్‌ఆర్ (కెపాసిటర్ లోపలి నిరోధం) పెరుగుతది, ప్రాసెసర్‌కు వోల్టేజీ నిలకడగా అందదు, బోర్డు ఆగిపోతది. నల్లగొండ క్లాక్ టవర్ దగ్గర బోర్డులు బాగుచేసే అన్న ఆ వరుసంతా మార్చిండు: 6.3 వోల్టులు, 1500 మైక్రోఫారడ్, 105 డిగ్రీల లో-ఈఎస్‌ఆర్ రకం. మీ బోర్డులో విలువలు వేరే ఉండొచ్చు, పాతదాని మీద చదివి అదే తీసుకోండి. మామూలు రకం వేయించొద్దు, ప్రాసెసర్ పక్క వేడికి తొందరగా పోతది. డబ్బా పక్కన చార ఉన్న వైపు కాలు నెగెటివ్, తిప్పి పెడితే పేలుతది.

ఎస్‌ఎంపీఎస్ (పీసీకి కరెంటిచ్చే పవర్ సప్లై పెట్టె) తప్పు లేదు, 12 వోల్టుల లైన్ లోడ్ మీద 11.9 చూపించింది. ర్యామ్ రబ్బరుతో తుడిచినా, బోర్డు మీది బిళ్ల సెల్ (సీఆర్2032) మార్చినా తేడా రాలేదు. హార్డ్‌డిస్క్‌కు సంబంధమే లేదు, అది పీకేసినా బయోస్ స్క్రీన్ (ఆన్ చేయంగనే మొదట వచ్చేది) రావాలె.

ఎండపూట నాలుగైదు నొక్కులకు లేచి, చలి పొద్దున అసలు లేవని సిస్టమైతే ముందు కెపాసిటర్లే చూడండి.