స్టెప్ అసైడ్, మూవ్ ఓవర్, గివ్ వే... ఏది ఎక్కడ వాడాలి?

అక్షరపిచ్చి:
అందరికీ నమస్తే. ఫ్రేజల్ వెర్బ్స్ (వెర్బ్ పక్కన ఓవర్, డౌన్ లాంటి చిన్న మాట చేరి కొత్త అర్థం ఇచ్చేవి) ఒక్కోటీ నేర్చుకుంటూ వస్తున్నా, ఈ పక్కకి తప్పుకునే బ్యాచ్ దగ్గరికొచ్చేసరికి తల తిరుగుతోంది. యాప్‌లో స్టెప్ అసైడ్ అంటే పక్కకు జరుగు అని ఇచ్చాడు, మూవ్ ఓవర్‌కీ అదే ఇచ్చాడు, గివ్ వేకి దారి ఇవ్వు అన్నాడు. మరి మూడూ ఒకటేనా? పైగా ఒక న్యూస్‌లో ఏదో కంపెనీ చైర్మన్ స్టెప్ అసైడ్ చేశాడని రాశారు, అంటే కుర్చీ పక్కకి జరుపుకున్నాడా ఏంటి 😅 స్టెప్ డౌన్ అంటే పదవి వదిలేయడం అని తెలుసు, ఇదేంటి మరి? ఇంకో డౌట్, ఎవరైనా దారికి అడ్డంగా నిలబడితే స్టెప్ అసైడ్ ప్లీజ్ అనొచ్చా?

నిదానమే ప్రధానం:
స్టెప్ అంటే అడుగు కదండీ, కాబట్టి మామూలుగా అది నిలబడో నడుస్తూనో ఉన్నవాళ్ళకి వాడే మాట. తలుపు దగ్గర ఒకావిడ నిలబడి ఉంది, ఎవరో లోపలికి రావాలి, ఆవిడ ఒకడుగు పక్కకి వేసింది అనుకోండి, షీ స్టెప్డ్ అసైడ్ టు లెట్ హిమ్ పాస్. అదే బెంచీ మీద కూర్చున్నాయన్ని కొంచెం జరగమనాలంటే అక్కడ అడుగుతో పని లేదు, మూవ్ ఓవర్ అనాలి. అమెరికా వాళ్ళు ఇళ్ళల్లో స్కూట్ ఓవర్ అంటారు, బ్రిటన్‌లో చనువున్నవాళ్ళు బడ్జ్ అప్ అంటారు, ఇవి మాత్రం ఆఫీసర్ల దగ్గర వద్దు.

చైర్మన్ సంగతికొస్తే, స్టెప్ డౌన్‌లో పదవి దిగిపోవడం ముఖ్యం, తర్వాత ఎవరొస్తారన్నది వేరే విషయం. స్టెప్ అసైడ్‌లో ఇంకొకరికి చోటిచ్చి తప్పుకోవడం ఉంటుంది, లేదా మీద ఏదైనా విచారణ నడుస్తుంటే అది తేలేదాకా పక్కన ఉండటం. అయితే న్యూస్ రాసేవాళ్ళు చాలాసార్లు రెండూ కలిపేస్తారు, అందుకని ఆ ఒక్క మాట పట్టుకోకుండా కింద రెండు లైన్లు కూడా చదవండి. ఇంకోటి, దీనికి ఆబ్జెక్ట్ ఉండదు, స్టెప్ హిమ్ అసైడ్ అనకూడదు. ఒకర్ని పక్కకి పిలిచి విడిగా మాట్లాడితే అది టేక్ అసైడ్, టుక్ హిమ్ అసైడ్ అంటారు.

గళ్ళనోటుబుక్కు:
స్టెప్ అసైడ్ ప్లీజ్ గ్రామర్ ప్రకారం కరెక్టే కానీ వినేవాళ్ళకి పోలీసో సెక్యూరిటీ గార్డో ఆర్డర్ వేసినట్టు ఉంటుంది బ్రో, ప్లీజ్ తగిలించినా సరే. ఎక్స్‌క్యూజ్ మీ ఒక్కటి చాలు, సగం మంది దానికే జరిగిపోతారు. జరగకపోతే కుడ్ ఐ జస్ట్ గెట్ పాస్ట్ అను. మనవాళ్ళు తెలుగులో అనుకుని గివ్ మీ సైడ్ అనేస్తుంటారు, బయటి దేశం వాళ్ళకి అది అర్థం కాక అలాగే చూస్తారు.

హైవే బాబాయ్:
రోడ్డు మీద వీటి తేడా ఇంకా బాగా తెలుస్తుంది. బ్రిటన్‌లో గివ్ వే అని ఉండే బోర్డు మీద అమెరికాలో యీల్డ్ అని ఉంటుంది, అక్కడ ఆ బోర్డు మొదట పెట్టింది 1950లో ఓక్లహోమాలోని టల్సాలో. అమెరికాలోనే మూవ్ ఓవర్ చట్టాలని ఉన్నాయి, 1996లో సౌత్ కరోలినాతో మొదలై 2012లో హవాయితో యాభై రాష్ట్రాలూ పూర్తయ్యాయి. రోడ్డు పక్కన అంబులెన్సో పోలీసు బండో ఆగి ఉంటే మనం పక్క లేన్‌లోకి మారాలి, కుదరకపోతే స్లో అవ్వాలి, అది మూవ్ ఓవర్. అదే అంబులెన్స్ సైరన్ వేసుకుని వెనకనించి వస్తుంటే బండి రోడ్డు అంచుకి తీసి ఆపాలి, అది పుల్ ఓవర్. ఒకదాంట్లో మనం వెళ్తూనే ఉంటాం, రెండోదాంట్లో ఆగుతాం.

అక్షరపిచ్చి:
బాబాయ్ సూపర్, పుల్ ఓవర్ నా లిస్టులోనే లేదు. మరి ద ఫ్లోర్ గేవ్ వే అని ఒక కథలో చదివా, నేల దారెలా ఇస్తుంది?

నిదానమే ప్రధానం:
అక్కడ గివ్ వే అంటే బరువు ఆపలేక కుంగిపోవడం, కూలిపోవడం అండీ. నేల, తాడు, మోకాలు, అన్నిటికీ వాడతారు. పక్కన టు వస్తే ఒకటి పోయి ఇంకోటి రావడం, ద రెయిన్ గేవ్ వే టు సన్‌షైన్ అన్నట్టు. మనుషుల మధ్య వాదనలో అయితే పట్టు వదలడం. మేక్ వేకి మాత్రం ఫర్ రావాలి, పాత బిల్డింగ్ కొట్టేసి రోడ్డు వేస్తే మేక్ వే ఫర్ ఎ రోడ్. చాదస్తం అనుకోకపోతే ఒక మాట, గివ్ వే, మేక్ వే అసలు ఫ్రేజల్ వెర్బ్స్ కావు, వే అనేది నౌన్, అందుకే కొన్ని పుస్తకాల్లో ఆ లిస్టులో కనపడవు.

గళ్ళనోటుబుక్కు:
పలికేటప్పుడు ఒత్తు రెండో మాట మీద పెట్టు, మూవ్ కంటే ఓవర్ గట్టిగా వినపడాలి, అసైడ్‌లో సైడ్ గట్టిగా. హెడ్డింగుల్లో మూవ్ ఓవర్ కాఫీ, టీ ఈజ్ హియర్ లాంటివి కనపడితే కంగారు పడకు, నీ టైమ్ అయిపోయింది ఇక తప్పుకో అని వెటకారం అంతే.