వేసవి జపనీస్ కోర్సుకి హాకొదాతె మంచిదా, టోక్యో మంచిదా?

ప్రశ్న (బీటెక్ విద్యార్థిని, వరంగల్):
అందరికీ నమస్కారం. జపనీస్ భాషా పరీక్ష జేఎల్‌పీటీలో మొదటి మెట్టు ఎన్5 పాసయ్యాను. వచ్చే వేసవిలో జపాన్ వెళ్లి భాష, సంస్కృతి కోర్సు చేయాలని ఉంది. రెండు నచ్చాయి. ఒకటి టోక్యో పడమటి వైపు మితాకాలో ఉన్న ఇంటర్నేషనల్ క్రిస్టియన్ యూనివర్సిటీది, ఆరు వారాలు. రెండోది ఉత్తరాన హొక్కైదో దీవిలో ఉన్న హాకొదాతెలో, హొక్కైదో ఇంటర్నేషనల్ ఫౌండేషన్ వాళ్లది, ఎనిమిది వారాలు, జపనీస్ కుటుంబంతో కలిసి ఉండాలి. నేను గుడ్డు కూడా తినను, అమ్మకి అదే టెన్షన్. ఏది ఎంచుకోమంటారు? టూరిస్ట్ వీసా సరిపోతుందా?

జవాబు (సప్పొరో నుంచి):
చెల్లీ, నన్నడిగితే హాకొదాతెకే వెళ్లు. మితాకాలో చదువు గట్టిగానే ఉంటుంది, దానికి వంక పెట్టను. కానీ క్లాసు అయ్యాక తోటి విద్యార్థులంతా ఇంగ్లీషులోకి మారిపోతారు. నీ స్థాయికి కావలసింది సాయంత్రాలు. అన్నం తింటూ ఆ రోజు ఏం జరిగిందో ఇంటివాళ్లకు జపనీస్‌లో చెప్పాలి, వాళ్లు తిరిగి అడిగితే అర్థం కాక మళ్లీ అడగాలి. రెండు నెలలు ఇలా గడిస్తే నోరు తిరుగుతుంది. ఎన్5 పుస్తకాల్లో ‘మాస్’, ‘దెస్’ అని ముగిసే మర్యాద రూపాలే ఎక్కువ. ఇంట్లో మాట్లాడుకునే భాష వేరు. అది ఇంట్లో ఉంటేనే వస్తుంది.

ఊరు కూడా నేర్పుతుంది. 1854 ఒప్పందంతో అమెరికా ఓడలకు తెరిచిన రెండు రేవుల్లో హాకొదాతె ఒకటి, రెండోది షిమోదా. అందుకే ఊళ్లోని మోతోమాచి పేట వాలు వీధుల్లో రష్యన్ చర్చి, బౌద్ధాలయం దగ్గర దగ్గరే కనిపిస్తాయి. నక్షత్రం ఆకారంలో ఉన్న గొర్యోకాకు కోటలోనే 1869లో షోగున్ (అప్పటిదాకా దేశాన్ని ఏలిన సైనిక పాలకుడు) పక్షపు చివరి సైన్యం లొంగిపోయింది. ఆగస్టు మొదట్లో రేవు పండుగ జరుగుతుంది, అందులో ఊరంతా స్క్విడ్ నాట్యం చేస్తుంది. ఇంటివాళ్లు రమ్మంటే తప్పకుండా వెళ్లు. వాతావరణమూ మేలే. టోక్యోలో జూన్, జూలై వానాకాలం, ఆ తర్వాత ఉక్కపోత. హొక్కైదోకి ఆ వానాకాలం దాదాపు తగలదు.

ఇక తిండి. ‘మాంసం తినను’ అని ఊరుకుంటే చేప వడ్డిస్తారు, చేప లేకపోయినా మిసో (పులియబెట్టిన సోయా ముద్ద) సూప్‌లో ఎండు చేప రసం ఉంటుంది. కాబట్టి దరఖాస్తులోనే ‘నికు, సకానా, తమాగో, కత్సువోదాషి వా తాబెరారెమాసెన్’ అని రాయి. మాంసం, చేప, గుడ్డు, ఎండు చేప రసం నాలుగూ అందులో వచ్చేస్తాయి. ఎండు చేప రసం బదులు కొంబు, అంటే సముద్రపు నాచు రసంతో వండగలరా అని అడుగు. మంచి కొంబుకి పేరుపడ్డ మినామికాయాబె తీరం హాకొదాతెలోదే. సరిపడే కుటుంబం దొరికిందని సంస్థ రాతపూర్వకంగా చెప్పేదాకా డబ్బు కట్టకు. అమ్మకి ఆ ఉత్తరమే చూపించు.

జవాబు (ఇంజనీరింగ్ కాలేజీ అధ్యాపకుడు, హైదరాబాద్):
అమ్మా, తేదీలు ముందు చూసుకో. మన వేసవి సెలవులు అయిపోయాక వాళ్ల కోర్సులు మొదలవుతాయి. ఎనిమిది వారాలంటే నీ సెమిస్టర్‌లో పెద్ద ముక్కే పోతుంది. జేఎన్‌టీయూలో 75 శాతం హాజరు ఉండాలి, హాజరు తగ్గితే ఇచ్చే మినహాయింపు (కండోనేషన్) ఆరోగ్య కారణాలకే. వెళ్లే ముందే హెచ్‌ఓడీ, ప్రిన్సిపాల్‌ల నుంచి రాతపూర్వక అనుమతి తీసుకో. నోటిమాట నమ్ముకుంటే డిటెయిన్ అయ్యే ప్రమాదం ఉంది. అనుమతి రాకపోతే చివరి సెమిస్టర్ అయ్యాక వెళ్లు, కోర్సు ఎక్కడికీ పోదు. ఇంకోటి, జూలై జేఎల్‌పీటీ మొదటి ఆదివారం ఉంటుంది. అప్పటికి నువ్వు అక్కడుంటావు కాబట్టి తర్వాతి మెట్టు ఎన్4 డిసెంబరులో రాయడం నయం.

జవాబు (వీసా గురించి):
90 రోజుల లోపు కోర్సుకి మామూలుగా స్వల్పకాలిక వీసా చాలు. స్టూడెంట్ వీసా అంతకన్నా ఎక్కువ కాలం చదివేవాళ్లకి. కానీ ఆన్‌లైన్‌లో ఇచ్చే ఈ-వీసా విహారయాత్రకి మాత్రమే. నువ్వు చదువుకోవడానికి వెళ్తున్నావు కాబట్టి అదే చెప్పి, అడ్మిషన్ లెటర్ జతచేసి వీసా దరఖాస్తులు తీసుకునే వీఎఫ్‌ఎస్ కేంద్రం ద్వారా దరఖాస్తు చెయ్యి. ఏయే కాగితాలు కావాలో కోర్సు నడిపే సంస్థనే అడుగు. ఈ వీసా మీద జీతానికి పని చేయకూడదు, గంటసేపైనా సరే. అక్కడి ప్రభుత్వ ఆరోగ్య బీమా మూడు నెలలు దాటి ఉండేవాళ్లకే, కాబట్టి ట్రావెల్ ఇన్సూరెన్స్ ఇక్కడే తీసుకో.

ప్రశ్న అడిగినవారు:
చాలా థాంక్స్ అక్కా, సార్, అందరికీ. సోమవారం హెచ్‌ఓడీ గారిని కలుస్తాను. ఇంటివాళ్లకి ఏం తీసుకెళ్లాలి? అమ్మ మామిడిపండ్లు, కరివేపాకు పంపుతానంటోంది.

జవాబు (సప్పొరో నుంచి):
రెండూ వద్దు. తాజా పళ్లు, ఆకులు ఫైటోశానిటరీ సర్టిఫికెట్ (పురుగు, తెగులు లేవనే ప్రభుత్వ పత్రం) లేకుండా విమానాశ్రయం దాటవు. కొండపల్లి బొమ్మ గానీ పోచంపల్లి చేనేత గానీ తీసుకెళ్లు, తేలిక, చూపించి చెప్పుకోవడానికీ బాగుంటుంది. జలుబు మాత్రల్లో సూడోఎఫెడ్రిన్ ఉందేమో పెట్టె మీద చదువు. అది పది శాతం దాటితే జపాన్‌లో నిషేధం. అక్కడి ఇంట్లో స్నానాల తొట్టిలో దిగేముందు బయటే సబ్బుతో కడుక్కోవాలి, ఆ తర్వాత నీళ్లు వదిలేయకూడదు, మిగతావాళ్లు కూడా అందులోనే దిగుతారు. రాత్రి భోజనానికి ఆలస్యమైతే ముందే మెసేజ్ పెట్టు. హెచ్‌ఓడీ ఏమన్నారో ఇక్కడే రాయి, దరఖాస్తులో జపనీస్ భాగం నేను చూసిపెడతాను.