నాన్నగారి ఫేస్‌బుక్ ఖాతాను స్మారక ఖాతాగా మార్పించాలా? అమ్మ ఒప్పుకోవడం లేదు

మున్నేటి ఒడ్డు (ఖమ్మం)

సభ్యులందరికీ నమస్కారం. మా నాన్నగారు పోయి ఏడు నెలలు అవుతోంది. తెలుగు పండితులుగా పదవీ విరమణ చేసిన తర్వాత ఆయన రోజుకొక పద్యం పాడి, ప్రతిపదార్థం చెప్పి, ఆ వీడియోను తన ఫేస్‌బుక్ ఖాతాలో పెట్టేవారు. అలా నాలుగేళ్ల వీడియోలు అందులో ఉన్నాయి. ఆయన పోయిన రోజున మా చెల్లెలు ఆయన ఫోనులోంచే, ఆయన ఖాతాలోనే ఆ వార్త పెట్టింది. ‘మా నాన్నగారు ఇక లేరు’ అన్న వాక్యం నాన్నగారి పేరుతో, ఆయన నవ్వుతున్న ఫొటో పక్కన కనబడేసరికి, చాలామంది పోయింది మా తాతగారనుకుని నాన్నగారినే ఓదారుస్తూ రాశారు.

పోయిన నెల ఆయన పుట్టినరోజు వచ్చింది. సంగతి తెలియని పాత విద్యార్థులు ‘నిండు నూరేళ్లు చల్లగా ఉండండి గురువుగారూ’ అని శుభాకాంక్షలు పెట్టారు. అమ్మ అవన్నీ చదివి రెండు రోజులు సరిగా అన్నం తినలేదు. డల్లాస్‌లో ఉన్న అన్నయ్య దీన్ని వెంటనే స్మారక ఖాతాగా మార్పిద్దామంటున్నాడు. అమ్మ రాత్రిపూట నాన్నగారి ఫోను తెరిచి, ఆయన ఖాతాలోంచే వీడియోలు చూసుకుంటుంది. ‘తాళం పడితే మళ్లీ తీయడానికి ఉండదటగా’ అన్నది ఆమె భయం. మార్పిస్తే ఏది పోతుంది, ఏది మిగులుతుంది? ఆయన సిమ్ముకు ఇప్పటికీ రీఛార్జి చేయిస్తున్నాను, అది ఎన్నాళ్లు చేయించాలి? అనుభవం ఉన్నవారు దయచేసి చెప్పగలరు.

వేపచెట్టు నీడ (విజయవాడ)

మీ అమ్మగారి భయం నిజమైనదే. మూడేళ్ల కిందట మా పెద్దన్నయ్య ఖాతా విషయంలో నేను ఇదంతా చూశాను కనుక వివరంగా రాస్తున్నాను. ఫేస్‌బుక్ ఈ ఏర్పాటును 2009లో మొదలుపెట్టింది. మరణ ధ్రువపత్రం గానీ, పత్రికలో వచ్చిన మరణవార్త గానీ చూపి కోరితే, పేరుకు పైన ఆయన జ్ఞాపకార్థం అన్న అర్థమిచ్చే మాట చేరుతుంది, పుట్టినరోజు గుర్తుచేయడం ఆగిపోతుంది, ‘వీరు మీకు తెలుసేమో’ అన్న జాబితాలో ఆయన కనబడరు. పెట్టిన వీడియోలు మాత్రం ఎవరికి కనబడేలా పెట్టారో వారికి అలాగే కనబడతాయి. కానీ ఆ తర్వాత పాస్‌వర్డు తెలిసినా సరే, ఆ ఖాతాలోకి ఎవ్వరూ ప్రవేశించలేరు.

తన తర్వాత ఖాతాను చూసుకోవడానికి ‘లెగసీ కాంటాక్ట్’ పేరుతో ఒకరిని బతికుండగానే నియమించుకునే వీలు 2015లో వచ్చింది. ఆ వ్యక్తి ముఖచిత్రం మార్చవచ్చు, పైన ఒక ప్రకటన ఉంచవచ్చు, కొత్త స్నేహాభ్యర్థనలను అంగీకరించవచ్చు, ఖాతాను తీసివేయమని కోరవచ్చు; ఆయన సొంత ఉత్తరప్రత్యుత్తరాలను మాత్రం చదవలేరు. మన పెద్దవాళ్లలో ఈ నియామకం చేసినవారు అరుదు. మా అన్నయ్య చేయలేదు. మేము తొందరపడి మార్పించిన నెల తర్వాత మా వదినగారు కొత్తగా ఖాతా తెరిచి అన్నయ్యకు స్నేహాభ్యర్థన పంపారు. దాన్ని అంగీకరించడానికి అవతల ఎవరూ లేరు. స్నేహితులకు మాత్రమే కనబడేలా ఆయన పెట్టిన ఫొటోలను ఆమె ఇప్పటికీ మా ఆడపడుచు ఫోనులో చూస్తున్నారు.

కాబట్టి ముందు మీ అమ్మగారికి సొంత ఖాతా ఉందో లేదో, అది నాన్నగారి స్నేహితుల జాబితాలో ఉందో లేదో చూడండి. వీడియోలన్నీ దించుకుని రెండు చోట్ల దాచండి. అన్నయ్య అడిగిన పని ఆ తర్వాత చేయించవచ్చు, ఆలస్యమైతే మునిగిపోయేది లేదు. నిజానికి ఒకరి ఖాతాను మరొకరు తెరవడం ఆ సంస్థ నియమాలకు విరుద్ధం. అయినా పోయినవారి ఫోను తెరవని ఇల్లు నాకైతే తెలియదు.

రెండు సిమ్ములు (సికింద్రాబాద్)

వాట్సాప్ గురించి ఎవరూ చెప్పలేదు కనుక రాస్తున్నాను. వరుసగా 120 రోజులు నెట్‌కు కలవని వాట్సాప్ ఖాతా సాధారణంగా దానంతట అదే రద్దవుతుంది, రద్దయిన మనిషి గ్రూపుల్లోంచి కూడా వెళ్లిపోతాడు. 2019 ఆగస్టులో కశ్మీర్‌లో ఇంటర్నెట్ నిలిపివేసినప్పుడు, సరిగ్గా నాలుగు నెలలకు, డిసెంబరులో, అక్కడివారు ఒక్కొక్కరే గ్రూపులు విడిచి వెళ్లినట్టు బంధువుల ఫోన్లలో వరుసగా కనబడింది ఇందువల్లనే. మీ అమ్మగారు రోజూ ఆ ఫోను తెరుస్తున్నారు గనుక మీ ఇంటి గ్రూపులో నాన్నగారు ఇంకా ఉన్నారు.

సిమ్ము సంగతి వేరు. ప్రీపెయిడ్ నంబరును 90 రోజులు అసలు వాడకపోతే రద్దు చేయవచ్చు, ఆపైన మరో 90 రోజులు ఆగి దాన్ని కొత్తవారికి ఇచ్చేస్తారు. మా నాన్న నంబరు అలాగే వేరొకరికి వెళ్లింది. ఒక ఉదయం మా అమ్మ ఫోనులో ‘మీ నాన్న’ అని ఉన్న పేరు పక్కన, బైకు మీద కూర్చున్న ఎవరో కుర్రవాడి ఫొటో వచ్చింది. ఆ అబ్బాయి తప్పేమీ లేదు. బ్యాంకు, పింఛను పనులు తెమిలేదాకా ఓటీపీల కోసం ఎలాగూ ఆ నంబరు ఉండాలి. తర్వాత కూడా ఉంచుకోదలిస్తే వారసుల పేరుకు మార్పించుకోండి. వాయిస్ మెసేజీలు వచ్చిన ఫోనులోనే ఉంటాయి గనుక, అమ్మగారి ఫోను ఆండ్రాయిడ్ అయితే ‘వాట్సాప్ వాయిస్ నోట్స్’ అనే ఫోల్డరును ఉన్నదున్నట్టుగా కంప్యూటరులోకి ఎక్కించండి. గూగుల్ కూడా రెండేళ్లు వాడని ఖాతాలను తొలగించే నియమాన్ని 2023లో తెచ్చింది. ఫొటోలు అందులో ఉంటే ఆ లెక్క కూడా చూసుకోండి.

పాత పంచాంగం (తణుకు)

నాయనా, పెద్దవాణ్ణి కనుక కాస్త భిన్నంగా చెబుతాను, నొచ్చుకోవద్దు. కూడలిలో కట్టిన అశ్రునివాళి ఫ్లెక్సీ ఒక ఎండాకాలం దాటదు, రంగు వెలిసి దానంతట అదే దిగిపోతుంది. అందులో కొంత మేలు ఉన్నదని నా అభిప్రాయం. ఫోను అలా వెలవదు. మా ఆవిడ తద్దినం తిథిని బట్టి వస్తుంది, ఫోను మాత్రం ఇంగ్లీషు తేదీని బట్టి ఆమె ఫొటో తెచ్చి చూపుతుంది. అధిక మాసం వచ్చిన ఏడు ఆ రెండింటికీ ఇరవై రోజుల దాకా తేడా రావచ్చు. నేను పిండం పెట్టుకుని, మనసు చిక్కబట్టుకుని ఉన్న సమయంలో అది మళ్లీ మొదటికి తెస్తుంది. వీడియోలు దాచుకోండి, ఖాతాను మాత్రం తీసివేయించండి అనే నేను చెబుతాను.

తాటితోపు (తెనాలి)

పెద్దాయన మాటను గౌరవిస్తూనే నేను ఏకీభవించలేకపోతున్నాను. ఆ పద్యాలు ఇంటివారివి మాత్రమే కావు, ఆయన విద్యార్థులవి కూడా. అయితే పరాయి చోటును నమ్ముకోవద్దన్నది మా అనుభవం. మా బాబాయి సమాధి రాయి మీద మా తమ్ముడు క్యూఆర్ కోడ్ చెక్కించాడు. దాన్ని ఫోనుతో చూస్తే ఆయన ఫొటోలు, ఆయన పాడిన క్రైస్తవ కీర్తనలు వచ్చేవి. నవంబరు 2న, సమాధుల పండుగనాడు, సున్నం వేసి, పూలు పరిచి, కొవ్వొత్తులు వెలిగించాక పిల్లలందరూ అక్కడ చేరి వినేవారు. మూడో ఏట సైటుకు కట్టవలసిన రుసుము కట్టడం మరిచిపోయాం. రాయి ఉంది, గీతలు ఉన్నాయి, వాటి వెనక ఏమీ లేదు. కెనడాలో మైఖేల్ కిబీ అనే ఇంజినీరు 1995లో ప్రారంభించిన ఆన్‌లైన్ శ్మశానవాటిక ఆయన మరణానంతరం కూడా నిలిచింది, తర్వాతివారు ఎవరో ఒకరు పూనుకున్నారు గనుక. మీ ఇంట్లో ఆ పని ఎవరిదో ముందే అనుకోండి.

మున్నేటి ఒడ్డు (ఖమ్మం)

అందరికీ కృతజ్ఞతలు. ఆదివారం కూర్చుని వీడియోలన్నీ రెండు హార్డ్ డిస్కుల్లోకి ఎక్కించాను. ఒకటి చెల్లెలి ఇంట్లో ఉంటుంది. అమ్మ పేరున ఖాతా తెరిచి నాన్నగారి స్నేహితుల్లో చేర్చాను. వాయిస్ మెసేజీలు ఎక్కిస్తున్నప్పుడు తెలిసింది, అమ్మ రోజూ వినేది పద్యం కాదట. ‘పాలు తెచ్చాను, చేతులు ఖాళీ లేవు, తలుపు తియ్యి’ అని గుమ్మం ముందు నిలబడి ఆయన పంపిన ఏడు సెకన్ల మెసేజీ. సంవత్సరీకం వెళ్లేదాకా ఖాతా జోలికి పోవద్దని అమ్మ అడిగింది, అన్నయ్య సరేనన్నాడు.

తాళం పడిన తర్వాత దిద్దడానికి వీలుండదు గనుక, చెల్లెలు ఆ రోజు పెట్టిన వార్తను నిన్న సరిచేసింది. మొదట్లో ‘ఇది రాస్తున్నది ఆయన కుమార్తె’ అని చేర్చింది. మిగతాది అలాగే ఉంచింది.