వీక్లీ టెస్ట్ అంటే తమ్ముడికి చేతులు తిమ్మిరెక్కుతున్నాయి, హాస్టల్‌కి ఫోన్ చేస్తే ఏం మాట్లాడాలి?

బెజవాడ_అక్క అడిగారు:

తమ్ముడికి 16 ఏళ్లు. రెసిడెన్షియల్ కాలేజీలో ఇంటర్ ఫస్టియర్, ఎంపీసీ. మూడు వారాలుగా ఆదివారం టెస్ట్ ముందు గుండె దడ, వేళ్లు, పెదాలు తిమ్మిరి, ఊపిరాడనట్టు ఉండటం. పోయిన ఆదివారం అరగంటకే హాల్లోంచి లేచి వచ్చేశాడు. దగ్గర్లోని ఆర్‌ఎంపీ గ్యాస్ అని ఇంజెక్షన్ వేశారు. అమ్మ దిష్టి తీయాలంటుంది. నాన్నేమో "రెండేళ్లు ఓర్చుకుంటే తర్వాత అంతా హాయే" అంటారు. నిన్న ఫోన్లో "నన్ను ఇంటికి తీసుకెళ్లిపోండి, లేకపోతే..." అని ఆపేశాడు. ఔటింగ్‌కి ఇంకా 12 రోజులుంది. వారానికి ఒక్క ఫోన్, అదీ పది నిమిషాలు. ఆ పది నిమిషాల్లో ఏం అడగాలి? కాలేజీ మాన్పించెయ్యాలా?

పిల్లల_సైకాలజిస్ట్ సమాధానం:

అమ్మా, ముందు ఆ "లేకపోతే" సంగతి తేల్చుకోండి. మిగతావన్నీ ఆ తర్వాతే. ఔటింగ్ దాకా కాదు, వచ్చే ఫోన్ దాకా కూడా ఆగొద్దు. ఈ రోజే ప్రిన్సిపాల్‌తో మాట్లాడి బాబుని ఫోన్‌లోకి రప్పించండి. పక్కన వార్డెన్ నిలబడి వింటుంటే నిజం చెప్పడు, కాబట్టి ఒంటరిగా మాట్లాడనివ్వమని గట్టిగా అడగండి. అప్పుడు సూటిగా: "నిన్న లేకపోతే అని ఆగిపోయావు కదా నాన్నా. చచ్చిపోవాలని అనిపిస్తోందా?"

ఇలా అడిగితే లేని ఆలోచన పుట్టించినట్టవుతుందని ఇళ్లల్లో చాలా భయం. అలా జరగదు. అడిగినందువల్ల ముప్పు పెరగదని పరిశోధనలు తేల్చాయి. అడిగే తీరులోనే తప్పు జరుగుతుంది. "పిచ్చి ఆలోచనలేం లేవు కదా?" అన్నామంటే, లేవనే జవాబు మనమే వాడి నోట్లో పెట్టినట్టు.

అవునంటే ఆ ఆలోచన ఎంత తరచుగా వస్తోంది, ఎలా, ఎప్పుడు అనేదాకా వెళ్లిందా అని అడగండి. ఎలా, ఎప్పుడు అనేదాకా వెళ్లి ఉంటే మీరు చేరేదాకా పక్కన ఒక పెద్దమనిషిని ఉంచమని కాలేజీకి చెప్పి, ఈ రోజే తీసుకొచ్చి నేరుగా ఆసుపత్రికి వెళ్లండి. అంతదాకా వెళ్లకపోయినా ఒకటి రెండు రోజుల్లో డాక్టరుకి చూపించాల్సిందే. "ఒట్టు వెయ్యి", "అమ్మ ఏమైపోతుందో ఆలోచించావా" లాంటి మాటలు వద్దు. వాటివల్ల తప్పు చేశానన్న భావం పెరిగి, తర్వాతిసారి చెప్పడం మానేస్తాడు. ఏ గంటలోనైనా టెలీ మానస్ 14416కి ఫోన్ చేయొచ్చు. ఉచితం, తెలుగులో మాట్లాడతారు, మీరు కూడా వాడి తరఫున చేయొచ్చు. 18 లోపు పిల్లలకి 1098 కూడా ఉంది.

ఇక ఆ తిమ్మిరి. మీరు చెప్పినవన్నీ ప్యానిక్ అటాక్‌కి, అంటే ఒక్కసారిగా ముంచుకొచ్చే తీవ్రమైన భయానికి, సరిపోతున్నాయి, కానీ ఖాయం చేయాల్సింది పరీక్షించిన డాక్టరే. భయంలో ఆత్రంగా ఊపిరి తీసేసరికి రక్తంలో కార్బన్ డయాక్సైడ్ తగ్గిపోతుంది. వేళ్లూ పెదాలూ తిమ్మిరెక్కేది, తల తేలిపోయేది అందుకే. గాలి చాలక కాదు, ఎక్కువై. అందుకే "గట్టిగా ఊపిరి పీల్చు" అనే సలహా బెడిసికొడుతుంది. ముక్కుతో మామూలుగా 4 అంకెల సేపు పీల్చి, 6 అంకెల సేపు నెమ్మదిగా వదలాలి. నిమిషానికి ఆరు శ్వాసలు. ఇది ఉదయం, రాత్రి 5 నిమిషాల చొప్పున బాగున్నప్పుడే అలవాటు చేయాలి. అటాక్ వచ్చాక మొదలుపెడితే గోదాట్లో పడ్డాక ఈత నేర్చుకున్నట్టే. ప్లాస్టిక్ కవరు, కాగితం సంచి ముఖానికి పెట్టడం మాత్రం వద్దే వద్దు.

అటాక్ సాధారణంగా పది నిమిషాల్లో శిఖరానికి చేరి, అరగంటలోపు తగ్గుతుంది. వీడు సరిగ్గా అరగంటకి లేచి వచ్చేశాడు. బయటికి రాగానే హాయిగా అనిపించి ఉంటుంది. మెదడు దాన్ని "బయటికొస్తేనే బతికాను" అని నేర్చుకుంటుంది, వచ్చే ఆదివారం ఇంకా ముందే మొదలవుతుంది. చేయాల్సింది పెన్ను కింద పెట్టి, పాదాలు నేలకి ఆనించి, పది నిమిషాలు పేపర్ చూడకుండా శ్వాస లెక్కపెట్టడం. తర్వాత బాగా వచ్చిన సులువైన ప్రశ్న ఒక్కటి. మార్కులు పోతే పోనివ్వండి, ఆ ఆదివారానికి లక్ష్యం చివరి బెల్ దాకా కూర్చోవడమే.

జూనియర్_లెక్చరర్_ఫిజిక్స్ సమాధానం:

ఫోన్ గురించి. చాలా ఇళ్లల్లో మొదటి ప్రశ్న "ఎన్నొచ్చాయి?", రెండోది "ర్యాంకెంత?" పిల్లాడు ఆ ఫోన్‌ని కూడా ఒక టెస్ట్‌లాగే చూస్తాడు. మార్కుల మాట అసలు ఎత్తొద్దు, అవి ఎలాగూ మీ ఫోన్‌కి మెసేజ్ వస్తాయి. "తిన్నావా" అంటే "ఆఁ" అంటాడు, అక్కడితో అయిపోతుంది. "ఈ వారం ఏ పూట అన్నం ఎక్కలేదు?", "రాత్రి ఎన్నింటికి నిద్ర పట్టింది?", "అన్నిటికంటే కష్టంగా గడిచిన గంట ఏది?" అనండి. మొదటి 7 నిమిషాలు వాడివి. "నీకంటే కష్టపడేవాళ్లు లేరా" అని మధ్యలో అందుకోవద్దు. చివర్లో వచ్చే ఫోన్ ఎప్పుడో రోజు, టైము చెప్పి, ఆ టైముకి తప్పకుండా చేయండి. నాన్నగారు "రెండేళ్లు ఓర్చుకో" అంటే వాడికి "ఇప్పటి బాధ చెప్పకు" అని వినిపిస్తుంది. "ఈ ఆదివారం సంగతి ఇద్దరం చూద్దాం" అంటే చాలు.

కాలేజీని అడగాల్సినవి నోటిమాటగా కాకుండా ఒక పేజీలో రాసివ్వండి, దాని కాపీ మీద సంతకం తీసుకోండి. తలుపు దగ్గర సీటు, ఇన్విజిలేటర్‌కి ముందే విషయం తెలిసి ఉండటం, అవసరమైతే 5 నిమిషాలు వరండాలో నిలబడి మళ్లీ లోపలికి వచ్చే వీలు, నెల రోజులు వాడి మార్కులు బోర్డు మీద పెట్టకపోవడం, వారానికి రెండు ఫోన్లు. చివరిదానికే ఎక్కువ బేరమాడతారు, వదలకండి.

సుప్రీంకోర్టు 2025 జులైలో, విశాఖలో నీట్ కోచింగ్ విద్యార్థిని మృతి కేసులో, దేశమంతటికీ మార్గదర్శకాలిచ్చింది. కోచింగ్ సెంటర్లు, హాస్టళ్లు కూడా వాటి కిందికి వస్తాయి. 100 మంది లేదా అంతకంటే ఎక్కువ విద్యార్థులున్న సంస్థలో శిక్షణ పొందిన కౌన్సెలర్‌గానీ, సైకాలజిస్టుగానీ, సోషల్ వర్కర్‌గానీ కనీసం ఒకరుండాలి. మార్కులను బట్టి బ్యాచ్‌లుగా విడదీయడం, అందరిముందూ అవమానించడం చేయకూడదు. "మీ కౌన్సెలర్ పేరేంటి, ఏ రోజుల్లో ఉంటారు?" అని అడగండి. స్టడీ అవర్ చూసే సారునే కౌన్సెలర్ అని చూపిస్తే అర్హత అడగండి.

బెజవాడ_అక్క:

మాట్లాడాను అండి. మీరు చెప్పినట్టే సూటిగా అడిగాను. చావాలని లేదట, గోడ దూకి పారిపోదామనుకున్నాడట. చాలాసేపు ఏడ్చాడు. నాన్న రేపు పొద్దున్నే వెళ్లి వారం రోజులకి తీసుకొస్తున్నారు. డాక్టర్ దగ్గర ఏ పరీక్షలు చేయించాలి? మందులు అలవాటైపోతాయని అమ్మ భయం.

సైకియాట్రీ_ఓపీ సమాధానం:

మంచి పని చేశారు. పారిపోవాలన్న ఆలోచన కూడా చిన్నది కాదు, డాక్టరుకి అదే మాటల్లో చెప్పండి. చావు గురించి మళ్లీ ఇంకోసారి అడగండి. మొదటిసారి లేదన్న పిల్లలు రెండోసారి చెప్పడం ఉంటుంది.

ముందు ఫిజీషియన్‌కి చూపించి హిమోగ్లోబిన్, థైరాయిడ్, ఈసీజీ చేయించండి. రక్తహీనతలోనూ, థైరాయిడ్ ఎక్కువైనా దడ వస్తుంది. పిల్లికూతలుంటే ఆస్తమా కూడా చూడాలి. పరిగెత్తేటప్పుడు స్పృహ తప్పడం, ఛాతీలో నొప్పి ఉంటే మాత్రం గుండె డాక్టరు దగ్గరికే ముందు వెళ్లాలి. అన్నీ మామూలుగా వస్తే "ఏమీ లేదు, నటన" అని కాదు. తర్వాత మానసిక వైద్యుడి దగ్గరికి వెళ్లాలని. జిల్లా ఆసుపత్రిలో జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమం కింద ఓపీ ఉంటుంది. పెద్ద కేంద్రాలు కావాలంటే విశాఖలో ప్రభుత్వ మానసిక వైద్యశాల, హైదరాబాద్ ఎర్రగడ్డలో మానసిక ఆరోగ్య సంస్థ ఉన్నాయి.

మెడికల్ షాపులో అడిగి ఆల్‌ప్రజోలాం లాంటి మత్తు మాత్రలు తేవద్దు. అమ్మగారు భయపడుతున్న అలవాటు వీటితోనే వస్తుంది, పైగా మత్తులో పరీక్ష రాయలేడు. ఆందోళన తగ్గడానికి డాక్టర్లు ఎక్కువగా రాసే ఎస్‌ఎస్‌ఆర్‌ఐ రకం మందులకి అలాంటి వ్యసనం ఉండదు. పని చేయడానికి 2 నుంచి 6 వారాలు పడుతుంది కాబట్టి, పది రోజులు వేసి "తగ్గలేదు" అని ఆపడం పెద్ద పొరపాటు. కుదుటపడ్డాక కూడా ఒక్కసారిగా ఆపకూడదు. ఈ వయసులో మొదటి వారాల్లో కొందరికి చిరాకు, చావు ఆలోచనలు పెరిగే అవకాశం ఉంది. అందుకే ఆ రోజుల్లో ఇంట్లో ఉంటే మంచిది, మాత్రలు పెద్దవాళ్ల దగ్గరే ఉండాలి. తేలికపాటి ప్యానిక్‌కి చాలామందికి మందు లేకుండా సీబీటీ అనే మాటల చికిత్సే సరిపోతుంది.

ఇంట్లో ఉన్న వారం విశ్రాంతి పేరుతో పుస్తకాలు దాచేయొద్దు. మొదటి రెండు రోజులు నిద్ర. 13 నుంచి 18 ఏళ్ల వాళ్లకి 8 నుంచి 10 గంటలు కావాలి. 11 దాకా స్టడీ అవర్, 5కి బెల్ అయితే ఆరు గంటలే. టీ సాయంత్రం 4 తర్వాత వద్దు. మూడో రోజు పాత పేపర్, వాడి గదిలో 20 నిమిషాలు. నాలుగో రోజు 45 నిమిషాలు, టైమర్ పెట్టి, మీరెవరైనా ఎదురుగా కూర్చుని. ఐదు, ఆరు రోజుల్లో పూర్తి మూడు గంటలు, టెస్ట్ పెట్టే వేళకే. దడ వస్తే ఆపకుండా అక్కడే తగ్గనివ్వాలి. ఒక మెట్టు మీద భయం సగానికి తగ్గకపోతే ఆ మెట్టే మళ్లీ. ఈ వరస వాళ్ల సైకాలజిస్టుకి చూపించి మార్పించుకోండి.

కాలేజీ మార్పు ఈ వారం తేల్చొద్దు. తిరిగెళ్లాక నాలుగు ఆదివారాలు చూడండి. అప్పటికీ నిద్ర లేకపోయినా, బరువు తగ్గుతున్నా, కాలేజీ రాసిచ్చినవి పాటించకపోయినా డే స్కాలర్‌గా మార్చండి. చావు ఆలోచన ఒక్కసారి వచ్చినా నాలుగు వారాల లెక్క లేదు, ఇంటికి తెచ్చుకోవడమే.

పిల్లల_సైకాలజిస్ట్:

ఒకటి మర్చిపోయాను. ఇన్నాళ్లూ వాడి భయం ఎవరికైనా చెప్పుకున్నాడేమో అడగండి, బహుశా రూమ్మేట్‌కి. "ఎవరికీ చెప్పొద్దు" అని వాడి దగ్గర మాట తీసుకుని ఉంటే ఆ పిల్లాడు కూడా నిద్రపోవడం లేదేమో. నాన్నగారు రేపు వెళ్లినప్పుడు ఆ అబ్బాయిని పలకరించి, "నువ్వు తోడున్నావు, సంతోషం. ఇక మేం చూసుకుంటాం. మళ్లీ ఏదైనా అన్నాడంటే మాట తప్పినట్టు కాదు, వెంటనే మాకు చెప్పు" అని, మీ నంబర్ వాడి నోట్‌బుక్ వెనక రాసి రమ్మనండి.