లిటిల్ కాటన్‌వుడ్ లోయకు గొండోలా అవసరమా, బస్సులు చాలవా?

చర్చ మొదలుపెట్టినది: వసాచ్ వాసి

అమెరికాలోని యూటా రాష్ట్రంలో, సాల్ట్ లేక్ సిటీకి దాపున ఉన్న లిటిల్ కాటన్‌వుడ్ లోయలో స్నోబర్డ్, ఆల్టా అనే రెండు స్కీ కేంద్రాలు, అంటే మంచు మీద జారే ఆటల కేంద్రాలు, ఉన్నాయి. రెండింటికీ దారి ఒక్కటే. చాలా మేరకు రెండు వరుసలే ఉన్న ఆ రోడ్డు మీదికి మంచుచరియలు దిగివచ్చే బాటలు పదుల సంఖ్యలో ఉన్నాయి. లోయ మొదటి నుంచి ఆల్టా దాకా సుమారు 13 కిలోమీటర్ల గొండోలా, అంటే తీగలకు వేలాడే కేబిన్లలో జనాన్ని చేరవేసే మార్గం, నిర్మించాలని రాష్ట్ర రవాణా శాఖ 2023 జూలైలో నిర్ణయించింది. ముందు అదనపు బస్సులు, టోల్ వసూలు, తరువాత మంచుచరియలు రోడ్డు మీద పడకుండా పైనుంచి దాటిపోయేలా కట్టే పైకప్పులు, నిధులు సమకూరినప్పుడు గొండోలా అన్నది వారు చెప్పిన వరుస. 2022లో 550 మిలియన్ డాలర్లుగా ఉన్న అంచనా ఆ నిర్ణయం నాటికి 729 మిలియన్లకు పెరిగింది. 2023 డిసెంబరులో వ్యవహారం కోర్టుకెక్కింది.

గొండోలా కట్టకూడదని నా అభిప్రాయం. రద్దీ లేదని నేను అనడం లేదు. ఒక శనివారం ఉదయం ఆరున్నరకు పిల్లలతో బయలుదేరితే, లోయ మొదట్లోనే కార్ల వెనుక ఎర్ర దీపాల వరుస కొండ మలుపు దాకా కనిపించింది. తొమ్మిదిన్నరకు కూడా మేము స్నోబర్డ్ చేరలేదు. మా చిన్నవాడు బూట్లు తొడుక్కునే నిద్రపోయాడు. అయినా నా అభ్యంతరం మారలేదు, ఎందుకంటే ఈ గొండోలా ఆగేది రెండే చోట్ల, స్నోబర్డ్ దగ్గర, ఆల్టా దగ్గర. వైట్ పైన్ కాలిబాటకు వెళ్లేవారికి, బండరాళ్లు ఎక్కడానికి వచ్చేవారికి, పిల్లలను మంచులో ఆడించి ఇంటికి పోవాలనుకునేవారికి అది తల మీదుగా వెళ్లిపోతుంది. ప్రజల సొమ్ముతో కట్టే దారి రెండు ప్రైవేటు వ్యాపారాల గుమ్మాల ముందు మాత్రమే ఆగడం న్యాయమా?

స్పందన: మోకు మేస్త్రి

వసాచ్ వాసి గారూ, మీ ప్రశ్న న్యాయమైనదే. అయితే యంత్రం గురించి కొంత చెప్పనివ్వండి, నేను ఇరవై ఏళ్లుగా రోప్‌వేల నిర్వహణలోనే ఉన్నాను.

స్నోబర్డ్‌లో 1971 నుంచి నడుస్తున్నది ఏరియల్ ట్రామ్. దానిలో రెండే పెద్ద కేబిన్లు ఉంటాయి. ఒకటి ఎక్కుతుంటే రెండవది దిగుతుంది, ఒకదాని బరువు రెండవదానికి సాయపడుతుంది. ఒక కొండ పైకి చేర్చడానికి అది చక్కని ఏర్పాటు, కానీ దూరం పెరిగేకొద్దీ తరువాతి కేబిన్ కోసం నిరీక్షణ కూడా పెరుగుతుంది కనుక 13 కిలోమీటర్లకు అది పనికిరాదు. ఇక్కడ ప్రతిపాదించినది త్రీఎస్ అనే మూడు మోకుల పద్ధతి. రెండు మోకులు కదలకుండా పట్టాల్లా ఉంటాయి, కేబిన్ చక్రాలు వాటి మీద దొర్లుతాయి, మూడవ మోకు లాగుతుంది. స్టేషన్‌లోకి రాగానే కేబిన్ పట్టు లాగే మోకును వదిలేస్తుంది; అందువల్ల మోకు పూర్తి వేగంతో పరుగెత్తుతూనే ఉన్నా, కేబిన్ మాత్రం మనిషి నడకకంటే నెమ్మదిగా సాగుతుంది, ముసలివారు సైతం తడబడకుండా ఎక్కగలుగుతారు. బరువును రెండు మోకులు పంచుకుంటాయి కనుక గాలికి ఊగడం తక్కువ, టవర్ల మధ్య దూరం ఎక్కువ. కెనడాలోని విస్లర్‌లో 2008లో ప్రారంభమైన పీక్ టు పీక్ గొండోలా మధ్యలో ఒక్క టవర్ కూడా లేకుండా 3.024 కిలోమీటర్లు దాటుతుంది.

ఈ లోయకు అసలు శత్రువు మంచుచరియలు. 2021 ఫిబ్రవరిలో ఆల్టాలో జనం రెండు రోజులకు పైగా భవనాల్లోంచి బయటకు రాకూడదని ఆంక్ష పెట్టారు. కింది రోడ్డు కూడా మూతపడింది. అటువంటి రోజున వంద బస్సులు కొన్నా అవి డిపోలోనే నిలబడి ఉంటాయి. పైగా బస్సులకు డ్రైవర్లు కావాలి. 2022-23 చలికాలంలో డ్రైవర్లు దొరకక స్కీ బస్సులను తగ్గించవలసి వచ్చిన సంగతి మీకు తెలిసినదే.

స్పందన: ఊటబావి

నాకు నీరు ముఖ్యం. ఈ లోయ సాల్ట్ లేక్ నగరానికి తాగునీటి పరీవాహక ప్రాంతం కనుకనే ఇక్కడికి కుక్కలను తీసుకురానివ్వరు, వాగులో ఈత కొట్టనివ్వరు. ఒక కుటుంబం తన కుక్కను ఇంట్లో వదిలి రావలసిన చోట, ఇరవైకి పైగా టవర్ల పునాదులకు కొండను తవ్వుతామని, వాటి దగ్గరకు యంత్రాలు వెళ్లడానికి బాటలు వేస్తామని అంటే నగరపాలకులు కోర్టుకు వెళ్లడంలో ఆశ్చర్యమేముంది? సాల్ట్ లేక్ నగరంలోని మోర్మన్ మతస్థుల దేవాలయానికి రాయి ఈ లోయ నుంచే తరలింది. అంతటి గట్టి రాతి మధ్య వాగు సన్నగానే పారుతుంది, దానిని బురద చేస్తే నష్టం ఊరందరిదీ.

జవాబు: వసాచ్ వాసి

మోకు మేస్త్రి గారూ, యంత్రం గొప్పదని ఒప్పుకుంటాను. లెక్క మాత్రం కుదరడం లేదు. ఒక్కొక్క కేబిన్‌లో 35 మంది, రెండు నిమిషాలకు ఒక కేబిన్ అన్నారు, అంటే గంటకు 1,050 మంది. లోయ కింద 2,500 కార్లకు స్థలం కడతామన్నారు. కారుకు ఇద్దరే వచ్చారనుకున్నా 5,000 మంది. వారందరినీ పైకి చేర్చడానికి దాదాపు ఐదు గంటలు పడుతుంది. కొత్త మంచు పడిన రోజున ఎవరికైనా కావలసినది తొమ్మిది గంటలకు స్కీ కొండ ఎక్కించే మొదటి లిఫ్ట్. అప్పుడు వరుస రోడ్డు మీద కాక పార్కింగ్ స్థలంలో ఉంటుంది, అంతే తేడా.

మరొకటి. రోడ్డు మూసేది మంచుచరియలను ముందుగానే పేల్చి దింపడానికి. ఆ పేలుళ్ల వేళ తీగల మీద జనాన్ని ఉంచుతారా? ఉంచకపోతే, రోడ్డుతో పాటు గొండోలా కూడా కొంతసేపు ఆగవలసిందే. అందుకే బస్సులనూ టోల్‌నూ కొన్నేళ్లు మనసుపెట్టి నడిపి చూడమంటున్నాను. బస్సు పనికిరాదని తేలితే మార్గం మార్చవచ్చు, కొండలో పాతిన టవర్‌ను మార్చలేము.

జవాబు: మోకు మేస్త్రి

పేలుళ్ల వేళ ఆపాలన్నది నిజమే. ఐతే చరియ పడ్డాక రోడ్డు మీది మంచును యంత్రాలతో తోడి పోయడానికి గంటలు పడుతుంది. తీగలకు ఆ పని లేదు, తనిఖీ ముగియగానే కేబిన్లు కదలవచ్చు. ఇక లెక్క విషయం. అందరినీ గొండోలా ఎక్కించాలన్నది ఉద్దేశం కాదు, రోడ్డు మీది వాహనాలను సుమారు 30 శాతం తగ్గించడం లక్ష్యం. మిగిలినవారు కార్లలోనే వెళతారు, వారికీ దారి తేలికపడుతుంది.

పొడవు విషయంలో మాత్రం నాకూ జంకు ఉంది, దాచను. ఇప్పుడు నడుస్తున్న మూడు మోకుల మార్గాల్లో పొడవైనదిగా పేరున్న వియత్నాంలోని హోన్ థోమ్ 2018లో ప్రారంభమైంది, దాని పొడవు 7.9 కిలోమీటర్లు. మన లోయకు ప్రతిపాదించినది దానికి ఒకటిన్నర రెట్లకు మించుతుంది. మన దేశంలోనూ సోన్‌ప్రయాగ్ నుంచి కేదార్‌నాథ్‌కు 12.9 కిలోమీటర్ల రోప్‌వేకు 2025 మార్చిలో కేంద్ర మంత్రివర్గం ఆమోదం తెలిపింది, అదీ ఈ పద్ధతిలోనే. కానీ అక్కడ ప్రత్యామ్నాయం ఎనిమిది తొమ్మిది గంటల నడక, గుర్రం, డోలీ. దర్శనానికి వెళ్లే మన పెద్దవారి మోకాళ్లు ఆ తేడాను చెబుతాయి. లిటిల్ కాటన్‌వుడ్‌లో రోడ్డు ఉంది. ఆ తేడా వల్లనే, ముందు బస్సులను నడిపి చూడాలన్న మీ మాటను నేను కొట్టివేయలేను.

జవాబు: ఊటబావి

బస్సులను నడిపి చూసే ఆ కొన్నేళ్లలో వాగు నీటిని ప్రతి వసంతంలోనూ పరీక్షించి, ఆ లెక్కను అందరికీ తెలిసేలా ఉంచమని నగరాన్ని అడగాలి. రేపు తవ్వకాలు మొదలైతే, అంతకుముందు నీరు ఎలా ఉండేదో చూపడానికి మన చేతిలో అదొక్కటే ఆధారం.