మోటారులో దాగిన అయస్కాంతాన్ని లెక్కించేదెలా?

యూరప్ కార్ల పరిశ్రమ చైనా అయస్కాంతాలపై ఎంత ఆధారపడిందో అంచనా వేస్తున్నాను. 2025 ఏప్రిల్‌లో చైనా, అయస్కాంతాల్లో వాడేవాటితో సహా ఏడు అరుదైన మృత్తిక మూలకాల (రేర్ ఎర్త్స్) ఎగుమతికి లైసెన్సు తప్పనిసరి చేశాక యూరప్‌లో కారు విడిభాగాల తయారీ కొన్నిచోట్ల ఆగింది కూడా.

ఐరోపా సమాఖ్య గణాంక సంస్థ యూరోస్టాట్ దిగుమతుల లెక్కల్లో 850511 అనే కస్టమ్స్ కోడ్ కింద విడి అయస్కాంతాలు దొరుకుతాయి. మోటారులో బిగించి వచ్చినవి మాత్రం మోటారు ఖాతాలో కలిసిపోతున్నాయి! ఏ దేశపు ఏ పరిశ్రమ ఎవరి నుంచి ఎంత కొంటుందో చూపే ఫిగారో పట్టికల్లో పరిశ్రమల వర్గాలు మరీ పెద్దవి. అయస్కాంతం వేడిని తట్టుకోవడానికి కలిపే డిస్ప్రోసియం లాంటి మూలకం జాడే వాటిలో తెలియదు. పైగా విలువను బట్టి కొలిస్తే ఈ ఆధారపడటం పిసరంతే కనిపిస్తుంది. కారు ధరలో అయస్కాంతం వాటా ఎంతని? కానీ అది లేనిదే చాలా విద్యుత్ కార్లు కదలవు.

మోటారు దిగుమతులను అయస్కాంతాల బరువులోకి మార్చే పద్ధతి ఎవరైనా వాడారా? ఏ వ్యూహాత్మక ముడిసరుకు వినియోగంలోనూ ఒకే బయటి దేశం వాటా 65 శాతం మించకూడదన్న ఐరోపా సమాఖ్య 2030 లక్ష్యాన్ని గని, శుద్ధి దశలకు విడివిడిగా లెక్కించాలా? అనుభవం ఉన్నవారు దయచేసి చెప్పండి.