లాబీయింగ్‌కి రిజిస్టర్ చట్టం పెడితే ఒరిగేదేంటి?

కమిటీగది: మన దగ్గర లాబీయిస్టు (డబ్బు తీసుకుని ఒకరి తరఫున ఎంపీల దగ్గర, ప్రభుత్వం దగ్గర పైరవీ చేసేవాడు) ఎవరో చెప్పి, పేరు రిజిస్టర్ చేయించే చట్టమే లేదు. అమెరికా రిటైల్ కంపెనీ వాల్‌మార్ట్ భారత మార్కెట్ కోసం కూడా లాబీయింగ్ చేయించిందని 2012లో మన పార్లమెంటు గోల పెట్టింది అమెరికా సెనేట్‌కి ఆ కంపెనీ ఇచ్చిన లెక్కలు చూసే. 2008 నుంచి అన్ని అంశాలకీ కలిపి దాదాపు రెండున్నర కోట్ల డాలర్ల ఖర్చు. అక్కడ లాబీయింగ్ లెక్కలు బయటపెట్టాలనే 1995 చట్టం లేకపోతే ఆ మాత్రమూ తెలిసేది కాదు.

బ్యారన్‌గట్టు: ఆ చట్టం గొప్పేం కాదు మాస్టారూ. ఒక క్లయింటుకి చేసే పనిలో మూడు నెలల్లో 20 శాతం సమయం లాబీయింగ్‌కి పోతేనే నమోదు. 19 దగ్గర ఆపి ‘సలహాదారు’ బోర్డు పెట్టుకుంటే అడిగేవాడు లేడు.

కమిటీగది: లొసుగుందని చట్టమే వద్దా? సిగరెట్ పెట్టె మీద 85 శాతం హెచ్చరిక 2015 ఏప్రిల్ 1న రావాలి. ప్రభుత్వం చేసే నిబంధనల్ని పరిశీలించే లోక్‌సభ సబార్డినేట్ లెజిస్లేషన్ కమిటీ ఆగమంది, ఏడాది ఆగింది. బీడీ వ్యాపారమున్న ఎంపీ శ్యామా చరణ్ గుప్తా అందులో సభ్యుడు. చివరికి కమిటీ 50 శాతం చాలంది. ప్రభుత్వం వినలేదు కాబట్టి సరిపోయింది.

జీరోఅవర్: లోక్‌సభ 255వ నిబంధన ఉందిగా. సొంత ప్రయోజనమున్న కమిటీ సభ్యుడిపై అభ్యంతరం చెప్పొచ్చు, స్పీకరు తేలుస్తారు.

కమిటీగది: రాజ్యసభలో 293వ నిబంధన కింద సభ్యుల సొంత ఆర్థిక ప్రయోజనాల రిజిస్టరుంది. లోక్‌సభలో లేదు. తెలియనిదానికి అభ్యంతరం ఎలా చెబుతారు?

జీరోఅవర్: నేనన్నది 255. 293 కాదు.

బ్యారన్‌గట్టు: సిగరెట్ కంపెనీ కొనుగోలు తగ్గిస్తే ఒంగోలు పొగాకు వేలంలో రైతు బేలు ఎవరూ పాడక ‘నో బిడ్’ పడుతుంది. ఆ రైతు ఎంపీని కలవాలన్నా మీ రిజిస్టర్లో వేలిముద్ర వేయాలా?

కమిటీగది: రైతు అక్కర్లేదు. అమెరికాలోనూ డబ్బు తీసుకుని క్లయింటు తరఫున తిరిగేవాడే లాబీయిస్టు. రైతు సంఘం లెటర్‌హెడ్ మీద వినతిపత్రం ఎవరు రాయించారు, ఢిల్లీ హోటల్ బిల్లు ఎవరు కట్టారు, అవి నమోదవ్వాలి.

బ్యారన్‌గట్టు: అదీ సంగతి! రైతు సంఘాలన్నీ కంపెనీ తొత్తులని మీ లెక్క. ఇంతసేపూ వాల్‌మార్ట్, సెనేట్ అంటూ తిప్పారు. డబ్బెవరిదైతేనేం, గోడు రైతుది కాదా?

కమిటీగది: రైతుదే. కానీ వేలంలో ధర దించేదీ ఆ కంపెనీల బయ్యర్లే. వాళ్ల ఖర్చుతో ఢిల్లీ వెళ్లిన కాగితంలో కిలో ధర గురించి ఒక్క ముక్క ఉంటుందా?

జీరోఅవర్: 255 కింద గుప్తా మీద ఎవరైనా రాసిచ్చారా లేదా?

బ్యారన్‌గట్టు: ధర గురించి రాస్తే మళ్లీ ఢిల్లీ టికెట్ ఉండదు, మీకూ తెలుసు. అయినా ఆ లెక్కలు బయట పెడితే రేపు రైతు సొంత ఖర్చుతో వెళ్లినా ‘కంపెనీ మనిషొచ్చాడు’ అనే అంటారు. కలెక్టరాఫీసులో కూడా కుర్చీ వేయరు. నేను వద్దంటున్నది అందుకు.